మైకుకు సరిపడదన్న గొంతు: ధ్వని సమతౌల్యంలో ఘంటసాల సాధన

తెలుగు సినిమా పాటకు పర్యాయపదంగా నిలిచిన ఘంటసాల వేంకటేశ్వరరావు కంఠాన్ని తొలినాళ్లలో ఒక గ్రామఫోన్ కంపెనీ తిరస్కరించింది. ఆ గొంతు మైకుకు సరిపడదన్నది అప్పుడు చెప్పిన కారణం. కొంతకాలానికి పేకేటి శివరాం అదే కంపెనీలో బాధ్యతల్లో ఉన్నప్పుడు ఆయనకు రికార్డు ఇచ్చే అవకాశం దక్కింది. ఈ ఉదంతాన్ని సాధారణంగా ప్రతిభను గుర్తించని లోకానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. అయితే అందులో ఒక సాంకేతిక సత్యం కూడా ఉంది. నిండైన సభలో చివరి వరుస వరకు వినిపించేలా సాధన చేసిన గొంతు, అరచేతి వెడల్పు దూరంలో ఉన్న మైక్రోఫోన్‌కు నిజంగానే సమస్య. ఆ సమస్యను ఘంటసాల ఎలా పరిష్కరించుకున్నారన్నది ఆయన జీవితకథలో తక్కువగా చర్చకు వచ్చిన అధ్యాయం.

ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య గాయకుడు, మృదంగ వాద్యకుడు. నారాయణతీర్థుల తరంగాలు పాడుతూ భజనలకు వెళ్లేటప్పుడు కుమారుణ్ణి భుజంపై కూర్చోబెట్టుకుని తీసుకువెళ్లేవారు. ఆ తరంగాలకు పసివాడు నృత్యం చేసేవాడు. పదకొండేళ్ల వయసులో తండ్రి మరణించారు. కొడుకు సంగీతం శాస్త్రీయంగా నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య కుటుంబాన్ని ఆదుకున్నారు. సంగీతం నేర్పుతారన్న ఆశతో బాలుడు కొందరి ఇళ్లలో పనులు చేశాడు. పని మిగిలింది గాని పాఠం సాగలేదు. చివరకు తన ఉంగరాన్ని అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం చేరాడు.

విజయనగరం సంగీత కళాశాలకు అప్పుడు వయొలిన్ విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడు ప్రిన్సిపాల్. వేసవి సెలవులు కావడంతో కళాశాల మూసి ఉంది. ఆవరణలో తలదాచుకోవడానికి ఆయన అనుమతించారు. ఆ పట్టణంలో ఘంటసాలను నిజంగా గాయకుడిగా తీర్చిదిద్దినది పట్రాయని సీతారామశాస్త్రి. గురువు ఇల్లు సంపన్నమైనది కాదు. అందుకే శిష్యుడు జోలె పట్టి ఇంటింటా మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నాడు. సీతారామశాస్త్రి బోధనలో స్వరశుద్ధితో పాటు సాహిత్యానికి, భావానికి పెద్దపీట ఉండేది. గమకాల వెల్లువలో మాట మునిగిపోకూడదన్న దృష్టి శిష్యుడికి అక్కడే అబ్బింది. తర్వాతి రోజుల్లో మైకు ముందు ఆయనను కాపాడినది ఆ శిక్షణే.

చదువు ముగించి స్వగ్రామానికి వచ్చి, పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో పాడుతూ పాఠాలు చెప్పుకుంటున్న కాలంలో 1942 క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఘంటసాల అందులో పాల్గొని అరెస్టయ్యారు. బళ్లారి అలీపురం జైలులో పద్దెనిమిది నెలలు గడిపారు. 1944 మార్చి 4న సావిత్రితో వివాహం జరిగింది. ఆ రోజుల్లోనే రచయిత సముద్రాల రాఘవాచార్య ఆయన పాట విని మద్రాసు రమ్మన్నారు.

మద్రాసు తొలిరోజులు కష్టమైనవి. సముద్రాల ఇల్లు చిన్నది. ఆయనకు భారం కాకూడదని ఘంటసాల పానగల్ పార్కు కాపలాదారుకు నెలకు రెండు రూపాయలు ఇచ్చి, రాత్రిళ్లు అక్కడే నిద్రించారు. 1944 నాటి సీతారామ జననంలో బృందగానం చేశారు, చిన్న వేషం కూడా వేశారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడిన పాటకు 116 రూపాయల పారితోషికం అందుకున్నారు. అప్పుడప్పుడు ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో లలితగీతాలు పాడేవారు. నాటి రేడియో కార్యక్రమం చాలావరకు ప్రత్యక్ష ప్రసారమే. పాడినది దిద్దుకునే వీలు లేదు. ఎక్కడ బిగ్గరగా పాడాలి, ఎక్కడ ముఖం కొద్దిగా పక్కకు తిప్పుకోవాలి అన్నది గాయకుడే తెలుసుకోవాలి. కచేరీ వేదిక నేర్పని ఈ పాఠాన్ని స్టూడియో గది నేర్పింది.

ఇక్కడ ఆనాటి ధ్వని ముద్రణ పద్ధతిని కొంత వివరంగా చెప్పుకోవాలి. నేడు ఒక యువకుడు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని గొంతును ఒక ట్రాక్‌లో, తబలాను మరో ట్రాక్‌లో, వేణువును ఇంకో ట్రాక్‌లో ఉంచుకుని ఒక్కొక్కదాని స్థాయిని విడివిడిగా పెంచి తగ్గించగలడు. 1940లలో అటువంటిదేమీ లేదు. గాయకుడు, వాద్యబృందం అందరూ ఒకే గదిలో ఉండేవారు. శబ్దమంతా ఒకే ట్రాక్‌పై పడేది. మిక్సింగ్ అన్నది మీటలపై కాక గది నేలపై జరిగేది. గాయకుడు మైకుకు దగ్గరగా, వయొలిన్లు అర్ధవృత్తంగా కొంత వెనుక, తబలా, ఢోలక్ వంటివి ఇంకొంత దూరంలో కూర్చునేవి. వేణువు చరణంలో బలహీనంగా వినిపిస్తే వాద్యకుడి కుర్చీ ఒక అడుగు ముందుకు జరిగేది. మైకుల సంఖ్య కొంత పెరిగాక కూడా అవన్నీ చిన్న మిక్సర్ ద్వారా అప్పటికప్పుడే ఒక్కటిగా కలిసిపోయేవి. ఒకసారి కలిసిన దానిని విడదీసే మార్గం లేదు.

పైగా సినిమా శబ్దం అప్పట్లో కాంతి రూపంలో ఫిల్ముపై నమోదయ్యేది. ఫిల్మును లేబొరేటరీలో కడిగి ప్రింటు వేస్తే తప్ప టేకు ఎలా వచ్చిందో వినడానికి వీల్లేదు. అయస్కాంత టేపు స్టూడియోలకు అలవాటయ్యాకే పాడిన వెంటనే విని చూసుకునే సౌకర్యం వచ్చింది. అందువల్ల ఆ కాలపు సంగీత దర్శకుడికి రిహార్సలే సర్వస్వం. ఒక్క వయొలిన్ తీగ తప్పు పలికినా, ఒక్క దగ్గు వినిపించినా అందరూ పాటను మళ్లీ మొదటి నుంచి అందుకోవలసిందే.

ఈ నిర్బంధాల మధ్యనే ఘంటసాల సంగీత దర్శకుడయ్యారు. 1949లో కీలుగుర్రం, మనదేశం, 1950లో షావుకారు, 1951లో పాతాళభైరవి, 1952లో పెళ్లిచేసి చూడు. ఈ చిత్రాల పాటలను నేడు శ్రద్ధగా వింటే ఒక విషయం గమనించవచ్చు. గొంతు పలుకుతున్నంతసేపు వాద్యాలు తగ్గి ఉంటాయి. వాక్యం ముగిసిన చోట ఖాళీని అవి అందుకుంటాయి. గొంతు, వేణువు ఒకే స్థాయిలో పోటీపడే సందర్భాలు అరుదు. దీన్ని కేవలం అభిరుచి అనుకుంటే పొరపాటు. విడివిడి ట్రాకులు లేని రోజుల్లో సమతౌల్యాన్ని స్వరరచనలోనే అమర్చుకోవాలి. మిక్సర్ చేయలేని పనిని ఆయన కాగితంపైనే, బాణీ కట్టేటప్పుడే చేసి పెట్టుకున్నారు. ఇది నాటి ఉత్తమ సంగీత దర్శకులందరికీ ఎంతో కొంత తెలిసిన విద్యే. అయితే తానే గాయకుడు కావడం వల్ల మైకుకు ఇవతల, అవతల ఏం జరుగుతోందో ఘంటసాలకు రెండు వైపుల నుంచీ తెలుసు.

పద్యం విషయంలో ఆయన తెచ్చిన మార్పు మరింత స్పష్టమైనది. మైకులు లేని రోజుల్లో రంగస్థల నటుడు పద్యాన్ని ఎత్తు శ్రుతిలో, దీర్ఘమైన రాగాలాపనతో పాడేవాడు. హార్మోనియం హోరును, జనం సద్దును దాటి గొంతు వెనుక వరుసకు చేరాలంటే అదొక్కటే మార్గం. అదే పద్ధతిని మైకు ముందు ప్రయోగిస్తే శబ్దం పగిలి, మాట అలుక్కుపోతుంది. ఘంటసాల రాగాన్ని కుదించారు. శ్రుతిని గొంతు హాయిగా నిలిచే చోటికి దించారు. సమాసాలను అర్థం తెలిసేలా విరిచి పలికారు. వాద్యాన్ని పద్యం వెనుక సన్నని తెరలా పరిచారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు ఆయన గళంలో గ్రామఫోన్ రికార్డులుగా ఇంటింటికీ చేరాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. ఆ గిరగీసిన సమయంలో రాగానికి ఎంత, మాటకు ఎంత అన్న లెక్క తప్పనిసరి. చదువురాని శ్రోతలు కూడా ఆ పద్యాలను కంఠస్థం చేయగలిగారంటే, ప్రతి అక్షరం విడిగా చెవికి చేరడమే కారణం.

గొంతును పాత్రకు తగినట్టు మలచడంలో కూడా మైకుతో దూరం ఒక సాధనమైంది. 1953 నాటి దేవదాసుకు సి.ఆర్. సుబ్బురామన్ సంగీతం సమకూర్చారు. ఆ పాటల్లో ఘంటసాల గొంతు తగ్గించి, ఊపిరి కూడా వినిపించేంత సన్నిహితంగా పాడారు. సభలో అలా పాడితే మూడో వరుసకు కూడా చేరదు. మైకు ఉన్నందువల్లే సాధ్యమైన గానం అది. పౌరాణిక పద్యాలకు వచ్చేసరికి అదే వ్యక్తి గొంతు నిండుగా తెరిచి పాడారు. ఒకనాడు మైకుకు సరిపడదన్న కంఠమే మైకును వాద్యంలా వాడుకునే స్థితికి వచ్చింది.

1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్‌లో ఆయన బాధ్యత క్లిష్టమైనది. మొదట సాలూరి రాజేశ్వరరావు సంగీత దర్శకుడు. నాలుగు పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకున్నారు. వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి రికార్డు చేయడం, మిగిలిన పాటలకు బాణీలు కట్టడం ఘంటసాల వంతైంది. మరొకరి ఊహను తన చేతులతో పూర్తి చేస్తూ, ఆ అతుకు ఎక్కడా కనిపించకుండా చూడాలి. నేడు ఆ పాటలను వరుసగా వినే శ్రోత ఏది ఎవరి బాణీయో ధ్వనిని బట్టి చెప్పలేడు. ఆ చిత్రంలో ఒక పాట 28 టేకుల తర్వాత గాని పూర్తికాలేదని గాయని పి. లీల తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. ఇరవై ఎనిమిది సార్లూ వాద్యబృందమంతా ఆద్యంతం వాయించిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

1963లో విడుదలైన లవకుశలో సమస్య మరో రూపంలో వచ్చింది. కవల బాలురకు పి. లీల, పి. సుశీల గొంతులిచ్చారు. ఒకరిది గాఢమైన శాస్త్రీయ కంఠం, మరొకరిది పలుచని తేనెధార. ఇద్దరూ కలిసి పాడినప్పుడు ఒక గొంతు మరొకదాన్ని కప్పివేయకూడదు. అలాగని రెండూ ఒకటే అనిపించినా కుశుడు, లవుడు అన్న తేడా పోతుంది. ఘంటసాల శ్రుతిని ఇద్దరికీ అనుకూలమైన చోట నిలిపి, వాక్యాలను పంచి, ముగింపుల్లో మాత్రమే కలిపారు. ఆ పాటల్లో వాద్యాలు ఎంత పొదుపుగా ఉన్నాయో గమనిస్తే ఆయన పద్ధతి అర్థమవుతుంది.

ఈ పొదుపు ఫలితం మద్రాసుకు ఎంతో దూరంలో కనిపించింది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వే రాకతో పెరిగిన పట్టణం. విజయనగరం నుంచి రాయపూర్‌కు 1931లో రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్‌కు రాకపోకలు సులువయ్యాయి. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డాయి. తీగకు వెలుపల అనే అర్థమిచ్చే పేరు గల తార్‌బహార్ ఆ రైల్వే పట్టణంలోని ఒక పేట. ఇటువంటి చోట్ల ఇంటి బయట హిందీ, ఛత్తీస్‌గఢీ; ఇంటి లోపల తెలుగు. ఆ తెలుగును నిలిపిన వాటిలో రేడియో ఒకటి.

అయితే ఆ రేడియో వినడం నేటిలా సులువు కాదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు నిలిచిపోయాయి. శ్రోతలు షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ వైపు మళ్లారు. అక్కడ తెలుగు పాటల ప్రసారం ఉండేది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ఆరంభమయ్యాక పరిస్థితి మారింది. షార్ట్‌వేవ్ ప్రసారం గాలివాలుకు దీపంలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. గరగర, ఈల, పక్క స్టేషను మాటలు కలిసి వస్తాయి. పైగా అటువంటి ప్రసారం సెకనుకు నాలుగైదు వేల కంపనాలకు మించిన శబ్దాన్ని చేరవేయలేదు. తాళాల మెరుపు, వయొలిన్ల పైస్థాయి అందులో పోతాయి. మిగిలేది మధ్యస్థాయి. మాటను మాటగా గుర్తుపట్టించే హల్లుల స్పష్టత చాలావరకు రెండు నుంచి నాలుగు వేల కంపనాల మధ్య ఉంటుంది. వాద్యాలు ఆ ప్రాంతాన్ని ఆక్రమించకుండా ఖాళీగా ఉంచితే, ఎంత గరగరలోనైనా మాట నిలుస్తుంది. ఘంటసాల పాటల్లో ఆ చోటు గొంతుదే. పుట్టిన ఊరికి వందల మైళ్ల దూరాన పెరిగిన పిల్లలకు ఒత్తులు, దీర్ఘాలు తెలిసేలా తెలుగు వినిపించడానికి ఈ అమరిక కొంత తోడ్పడింది. సినిమా థియేటర్లలోనూ ఇదే స్థితి. నాటి ప్రదర్శనశాలల ధ్వని వ్యవస్థ సుమారు ఎనిమిది వేల కంపనాలు దాటిన శబ్దాన్ని బాగా తగ్గించివేసేది. ఫిల్ము ధ్వనిలో ఉండే రొదను అణచడానికి చేసిన ఏర్పాటు అది.

ఆ పాత రికార్డులను ఇప్పుడు ఇళ్లలో కంప్యూటర్లపై శుభ్రం చేసే అభిమానులు ఎందరో ఉన్నారు. విద్యుత్ సరఫరా వల్ల 50 కంపనాల వద్ద వచ్చే గుంయిమనే శబ్దాన్ని, రికార్డుపై గీతల వల్ల వచ్చే టపటపలను తొలగించడం కష్టం కాదు. చిక్కు వచ్చేది ఎడతెగని రొదతోనే. ఆ రొద, స-శ-ష వంటి హల్లులు ఒకే ప్రాంతంలో ఉంటాయి. అత్యాశతో రొదను పూర్తిగా తుడిచేస్తే హల్లులు అరిగి, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. పదాల మధ్య ఊపిరి మాయమవుతుంది. కొంత రొదను మిగల్చడమే మేలు. ఘంటసాల పాటలో ఊపిరి కూడా భావంలో భాగం. మాయాబజార్ రంగుల రూపం 2010 జనవరి 30న విడుదలైనప్పుడు గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ చిత్రంతో పాటు ధ్వనిని కూడా శుద్ధి చేసి డీటీఎస్ పద్ధతికి విస్తరించింది. ఒకే ట్రాక్‌లో పుట్టిన పాటలు యాభై మూడేళ్ల తర్వాత ప్రేక్షకుడి చుట్టూ వినిపించాయి.

నిర్మాతగా మాత్రం ఘంటసాలకు అదృష్టం కలిసిరాలేదు. పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ చిత్రాలు ఆయనకు ఆర్థికంగా నష్టాలే మిగిల్చాయి. ఆ నష్టాలను మళ్లీ గొంతుతోనే పూడ్చుకోవలసి వచ్చింది. 1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1971లో ఐరోపా, అమెరికాలలో పర్యటించి కచేరీలు చేశారు. గురువు సీతారామశాస్త్రి కుమారుడు పట్రాయని సంగీతరావు ఏళ్ల తరబడి ఆయనకు సహాయకుడిగా ఉన్నారు. విజయనగరంలో పొందిన ఆశ్రయం ఆ రూపంలో మద్రాసు ఇంటి వరకు కొనసాగింది.

1970ల ఆరంభంలో ఆరోగ్యం దెబ్బతింది. మధుమేహానికి గుండెజబ్బు తోడైంది. పాటల సంఖ్య తగ్గింది. ఆ దశలో ఆయన పట్టుబట్టి చేసిన పని భగవద్గీత. వందకు పైగా శ్లోకాలను ఎంచుకుని, తెలుగు తాత్పర్యంతో కలిపి రికార్డు చేశారు. అప్పటికి టేపు ఉంది, మెరుగైన మైకులు ఉన్నాయి, పాడినది వెంటనే వినే వీలుంది. అయినా వాద్యాలను ఆయన ఎప్పటికంటే తగ్గించారు. శ్లోకానికి శ్లోకానికి మధ్య వాద్యం వినిపించి, శ్లోకం మొదలవగానే వెనక్కి తగ్గుతుంది. తాత్పర్యం చెప్పేటప్పుడు దాదాపు గొంతొక్కటే. యువకుడిగా ఉన్నప్పటి కంఠబలం అందులో లేదు. దానిని దాచే ప్రయత్నమూ లేదు. వాద్యఘోషతో కప్పివేయగలిగిన బలహీనతను ఆయన అలాగే వినిపించనిచ్చారు.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు యాభై ఒక్క ఏళ్లు. భగవద్గీత రికార్డు ఆయన మరణం తర్వాతే శ్రోతల చేతికి అందింది.